డైట్ చార్టు రాసే కుర్చీలో మన బిడ్డ కూర్చోవాలె

(నెల్లికుదురులో సావిత్రీబాయి ఫూలే జయంతి సందర్భంగా ఇంటర్, డిగ్రీ విద్యార్థినులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

సావిత్రీబాయి 1848లో పూనాలో ఆడపిల్లలకు చదువు చెప్పబోతే దారిలో ఆమె మీద పేడ కొట్టారు. ఆ తల్లి ఇంకో చీర సంచిలో పెట్టుకొని బడికి పోయింది. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆమె పుట్టిన జనవరి 3ను మహిళా ఉపాధ్యాయుల దినోత్సవంగా ప్రకటించింది. మంచిదే. కానీ ఫోటోకు దండేసి, బిస్కెట్లు పంచి ఇంటికి పోవడానికి మనం రాలేదు. ఈ పూట ఒకే ఒక్క చదువు గురించి మాట్లాడుకుందాం. అది డైటీషియన్ చదువు.

ఎందుకు దీని గురించే అంటారా? ఈ మధ్య మన మండలంలో బైపీసీ చదివిన ఆడపిల్లలు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మేడం, ఇంట్లనే కూర్చొని ఫోన్‌ల చదివి డైటీషియన్ కావచ్చునంట, నిజమేనా?" ఫోన్ తెరిస్తే చాలు, ప్రకటన. మూడు నెలలు, ఆరు నెలలు, ఇన్ని వేలు కట్టండి, సర్టిఫికెట్ ఇంటికే పంపుతాం అంటారు. పెళ్లి చేయాలని తొందరపడే తల్లిదండ్రులకు కూడా ఇది బాగానే ఉంది. పిల్ల గడప దాటదు, చదువూ అవుతుంది.

సూటిగా చెప్తున్నా. ఇంట్లో కూర్చొని, ఫోన్ చూసి, రిజిస్టర్డ్ డైటీషియన్ అయ్యే దారి ఇప్పుడు ఈ దేశంలో లేదు. 2025 ఆగస్టులో యూజీసీ ఒక ప్రకటన ఇచ్చింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే చదువులను ఆన్‌లైన్‌లో గానీ, దూరవిద్యలో గానీ నడపరాదు, 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి కొత్త అడ్మిషన్లు తీసుకోరాదు అన్నది. సైకాలజీ, మైక్రోబయాలజీతో పాటు ఆహార పోషణ శాస్త్రం, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఎవడన్నా "ఆన్‌లైన్ డైటెటిక్స్ డిగ్రీలో చేరు" అని ఈరోజు ఫోన్ చేస్తే, ఈ సంగతి అడగండి. ఫోన్ పెట్టేస్తాడు.

నాకు తెలిసిన ఒక తల్లి మహిళా సంఘంలో అప్పు తీసి బిడ్డను ఇట్లాంటి కోర్సులో చేర్చింది. ఆ సంస్థ పేరు ఇక్కడ ఎత్తను. రంగురంగుల సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని పట్టుకొని ఆ పిల్ల ఒక ఆసుపత్రికి పోతే "ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేసినవు? రిజిస్ట్రేషన్ ఉన్నదా?" అని అడిగారట. రెండూ లేవు. అప్పు మాత్రం ఉన్నది. ఆ తల్లి మిరపకాయలేరి ఆ అప్పు కడుతున్నది. అందుకే చేరకముందే చెప్తున్నాను, వినండి.

డైటీషియన్ అంటే ఎవరు?

బరువు తగ్గించే పొడి డబ్బాలు అమ్మేటోళ్ళు కూడా "న్యూట్రిషనిస్టు" అని బోర్డు పెట్టుకుంటున్నారు. డైటీషియన్ పని అది కాదు. జబ్బు మనిషికి ఏ తిండి ఎంత పెట్టాలో, ఏది ఆపాలో లెక్కగట్టి చెప్పే మనిషి డైటీషియన్. ఒక ఉదాహరణ చూడండి. కిడ్నీ చెడిపోతున్న మనిషికి డయాలసిస్ మొదలు కాకముందు మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలసిస్ మొదలైనాక అదే మనిషికి పెంచమంటారు. నిన్న ఆపమన్న కూర ఇవాళ మందు అవుతుంది. ఆకుకూరలో పొటాషియం ఎక్కువ, కొందరు కిడ్నీ రోగులకు ఉడికించి నీళ్ళు పారబోసి వండమంటారు. ఇది తెలియక పక్కింటోళ్ళ మాట విని తిన్నా ప్రమాదమే, మానినా ప్రమాదమే.

టీబీ సంగతి చూడండి. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్ళల్లో ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు నెలనెలా ఇచ్చి చూశారు. ఆ ఇళ్ళల్లో కొత్తగా టీబీ సోకడం దాదాపు 39 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. అంటే కంచం నిండా తిండి పెట్టడమే సగం వైద్యం. టీబీ రోగికి ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబర్ నుంచి దాన్ని 1000 చేసింది. ఆ వెయ్యితో ఏం కొనాలో, ఎట్లా వండాలో కూర్చోబెట్టి చెప్పే మనిషి ఎక్కడున్నది?

మన రాష్ట్రంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి నెత్తురు తక్కువ. అయిదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి నెత్తురు తక్కువ. ఈ నెత్తురు ఎవరి ఇళ్ళల్లో తక్కువున్నదో నేను వేరే చెప్పాలా? నాట్లేసే చేతులు, పత్తి ఏరే చేతులు చూడండి. గోళ్ళు తెల్లగా పాలిపోయి కనిపిస్తాయి.

చార్టులో కులం

ఇగ అసలు మాటకు వస్తాను. పట్నం ఆసుపత్రిలో షుగర్ ఉన్న మన కూలి మనిషికి ఒక కాగితం ఇస్తారు. పొద్దున ఓట్స్. పదకొండు గంటలకు ఆపిల్ పండు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, పనీరు. సాయంత్రం నానబెట్టిన బాదం. ఆ మనిషి పొద్దున అయిదింటికి లేచి, ఏడింటికి చేనులో ఉంటది. పదకొండు గంటలకు ఆమె నడుము వంగి ఉంటది. ఇంట్లో ఉన్నది రేషన్ బియ్యం. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం, మనిషికి ఆరు కిలోలు. ఉన్నది అన్నం అయితే, అన్నం మానెయ్ అని రాస్తే ఏం తినాలె? ఆ కాగితం మడిచి దేవుని పటం వెనక పెడతది. మళ్ళీ పోయినప్పుడు "చెప్పినట్టు తినవు, మీకు చెప్పినా దండుగ" అని తిడతారు.

ఇంకొక సంగతి ఉన్నది. డైటీషియన్ చేతిలో మొదటి పనిముట్టు ఒక ప్రశ్న. "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నవు?" ఇరవై నాలుగు గంటల తిండి గుర్తు చేయించి రాసుకోవడం అంటారు దీన్ని. ఆ జవాబు మీదనే లెక్కంతా నడుస్తుంది. ఇప్పుడు చెప్పండి, తెల్లచీర కట్టుకొని కుర్చీలో కూర్చున్న ఆ అమ్మ ముందు మన మనిషి "పెద్దకూర తిన్న, బోటి తిన్న, నల్ల వండుకున్న, ఎండు తునకలు పులుసు పెట్టుకున్న" అని చెప్తదా? చెప్పదు. "పప్పన్నం తిన్నమ్మా" అంటది. ఎందుకంటే ఆ పేరు ఎత్తితే ఎదుటి మనిషి మొహం ఎట్లా మారుతదో ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇగ లెక్క ఏమైతది? మొదటి అంకెలోనే తప్పు పడ్డది. కిడ్నీ రోగి తిన్న మాంసకృత్తులు లెక్కలోకి రాలేదు. నెత్తురు తక్కువున్న బాలింతకు అందిన ఇనుము లెక్కలోకి రాలేదు. కులం వచ్చి సైన్సు పనిముట్టును విరగ్గొట్టింది.

సైన్సుకు మైల లేదు. హైదరాబాద్ తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనా విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సంస్థ 2017లో 528 రకాల భారతీయ ఆహారాల పట్టికలు అచ్చువేసింది. అందులో గొడ్డుమాంసం కూడా ఉన్నది. మాంసంలోని ఇనుమును ఆకుకూరలోని ఇనుము కంటే ఒళ్ళు సులువుగా పీల్చుకుంటది. బి12 విటమిన్ సహజంగా దొరికేది పాలు, గుడ్లు, చేపలు, మాంసం లాంటి వాటిలోనే. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకంలో ఉన్నది చార్టులోకి ఎందుకు రాదు? పుస్తకానికీ చార్టుకూ నడుమ ఒక చెయ్యి ఉన్నది కాబట్టి. ఆ చెయ్యి ఏ ఇంటి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న. అదే ఉస్మానియాలో 2012 ఏప్రిల్‌లో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే ఎట్లాంటి ఘర్షణలు జరిగినయో మీకు గుర్తుండే ఉంటది. 2015లో మధ్యప్రదేశ్‌లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెడదామంటే ఆ ముఖ్యమంత్రి వద్దన్నాడు. ఆకలి ఒకరిది, మెనూ రాసేది ఇంకొకరు.

మనం తినేదంతా మంచిదే అని నేను అనను. ఎండు తునకల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నోళ్ళు, కిడ్నీ జబ్బున్నోళ్ళు జాగ్రత్తగా ఉండాలె. కల్లు గురించి, గుట్కా గురించి మన వాడల్లోనే గట్టిగా మాట్లాడాలె. కానీ ఆ మాట మన తిండి ఎరిగిన మనిషి చెప్తే చెవికెక్కుతది. "తునకలు వండేముందు ఉప్పు పోయేటట్టు కడుగు, నెలకు ఇన్నిసార్లే తిను" అంటే వింటది. "ఛీ, అది తింటారా" అంటే వినదు, దాస్తది.

జొన్నల కథ కూడా ఇట్లాంటిదే. మన తాతల నాడు జొన్న గట్క, జొన్న రొట్టె పేదోడి తిండి. అన్నం దొరల తిండి. ఇప్పుడు తారుమారైంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. పట్నంలో షోకేసులో పెట్టి అమ్ముతున్నారు. నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, సజ్జల్లో ఆరు మిల్లీగ్రాముల పైన ఉంటది. నూరు గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో దళిత ఆడవాళ్ళ సంఘాలు 1980ల నుంచే ఈ గింజలను, చేలల్లో దానంతటదే మొలిచే ఆకుకూరలను కాపాడుకుంటూ వచ్చాయి. వాళ్ళల్లో చాలామందికి చదువు రాదు. వాళ్ళ దగ్గరున్న విద్యకు డిగ్రీ లేదు. డిగ్రీ ఉన్నోళ్ళ దగ్గర ఆ విద్య లేదు. రెండూ ఒకే మనిషిలో కలవాలంటే ఆ ఇంటి బిడ్డ చదవాలె.

తలుపు మూసిన చేతులకు ఒక ప్రశ్న

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతి న్యాయంగా మాట్లాడుకుందాం. దూరవిద్య మనకు శత్రువు కాదు. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. 1991లో దానికి బాబాసాహెబ్ పేరు పెట్టారు. పగలు కూలికి, రాత్రి పుస్తకానికి పోయిన ఎంతమంది మనోళ్ళు దాని వల్ల డిగ్రీ పట్టా చూశారు! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఉద్యోగం చేసుకుంటూ పీజీ దూరవిద్యలోనే చేశాను. కాబట్టి ఫోన్ పాఠాన్ని చిన్నచూపు చూసేదాన్ని కాను.

కానీ కరోనా నాడు ఏం జరిగిందో టీచరుగా చూశాను. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు పెట్టారు. మేము ఇల్లిల్లూ తిరిగాం. ఇంటికి ఒక్కటే ఫోన్, అది నాయన జేబులో కూలికి పోయేది. అన్న చదువుకు ముందు, చెల్లె చదువుకు తర్వాత. పాఠం ఫోన్‌లో వచ్చింది, చదువు మాత్రం అందరికీ రాలేదు.

డైటెటిక్స్‌కు ఇంకో చిక్కు ఉన్నది. రోగి పక్కన నిలబడకుండా ఈ చదువు పూర్తి కాదు. వాపు ఎట్లుంటదో వేలితో నొక్కి చూడాలె. ముక్కులోంచి గొట్టం వేసిన మనిషికి ఎన్ని గంటలకు ఎంత ద్రవం పోయాలో వార్డులో చూసి నేర్వాలె. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్తాయి గానీ, అక్కడ కూడా కనీసం వెయ్యి గంటలు పెద్దవాళ్ళ పర్యవేక్షణలో పనిచేసి తీరాలె. 2024 జనవరి నుంచి రిజిస్ట్రేషన్ పరీక్ష రాయాలంటే పీజీ కూడా ఉండాలన్నారు. మన 2021 చట్టం ఆరోగ్య వృత్తి డిగ్రీకి కనీసం 3600 గంటల చదువు ఉండాలంటున్నది. కాబట్టి వార్డు ముఖం చూడకుండా పట్టా ఇవ్వొద్దు అంటే ఒప్పుకుంటాను. అట్లాంటి పట్టా వల్ల మొదట దెబ్బతినేది మన రోగులే.

కానీ తలుపు మూసిన వాళ్ళను ఒకటి అడుగుతాను. మూసిన తలుపుకు బదులు ఇంకో తలుపు ఎక్కడ తెరిచారు? ఈ చదువు పేరున్న కాలేజీలు చాలావరకు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. నెల్లికుదురు పిల్ల మానుకోటలో రైలెక్కి పోయి, హాస్టల్ వెతుక్కొని, నెలనెలా మెస్ బిల్లు కట్టాలె. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. సర్కారు బాకీ పడితే కాలేజీ వాడు సర్టిఫికెట్ ఆపేది ఎవరిది? మన పిల్లది. ఆన్‌లైన్ మూసేటప్పుడు చెప్పిన నాణ్యత అనే మాట ఫీజు ఇచ్చేటప్పుడు ఎందుకు గుర్తు రాదు?

దారి ఇది

బిడ్డలారా, ఇప్పుడు రాసుకోండి.

ఒకటి. ఇంటర్‌లో బైపీసీ తీసుకోండి. కెమిస్ట్రీని చూసి భయపడకండి, ఈ చదువుకు అదే ఎముక.

రెండు. డిగ్రీ రెగ్యులర్‌గా చదవండి. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు న్యూట్రిషన్ సబ్జెక్టుగా ఉన్న బీఎస్సీ ఏ కాలేజీలో ఉన్నదో వెతకండి. సైఫాబాద్‌లో ఒకప్పటి హోమ్ సైన్స్ కాలేజీ ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ కాలేజీ, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది. దాని గురించి కూడా కనుక్కోండి.

మూడు. డిగ్రీ దగ్గర ఆగొద్దు. పోషకాహారంలో, డైటెటిక్స్‌లో పీజీ స్థాయి చదువు చేయాలె. కోఠి మహిళా కాలేజీ మీరు విన్నదే. 1924లో పుట్టిన ఆ కాలేజీ ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. ఐలమ్మ పేరున్న గడప మనది కాకపోతే ఎవరిది? తార్నాకలోని పోషకాహార సంస్థలో కూడా అప్లయిడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉన్నది.

నాలుగు. ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. దీన్ని కాగితం మీద కొట్టించుకోవద్దు, నిజంగా చేయండి. ఆ తర్వాత భారత డైటెటిక్ అసోసియేషన్ వాళ్ళ రిజిస్ట్రేషన్ బోర్డు పెట్టే పరీక్ష. అది పాసైతేనే పేరు పక్కన రిజిస్టర్డ్ డైటీషియన్ అని రాసుకోవచ్చు. ఆ సంఘం 1963లో పుట్టింది. 2021 చట్టం ప్రకారం కౌన్సిల్ రిజిస్టర్లో కూడా పేరు ఎక్కాలె. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ న్యూట్రిషన్, డైటెటిక్స్‌కు కొత్త సిలబస్ విడుదల చేసింది. కాబట్టి ఏ కాలేజీలో చేరినా ఫీజు కట్టకముందు రెండు ప్రశ్నలు అడగండి. మీ కోర్సుకు ఆ సిలబస్ ఉన్నదా? మీ దగ్గర చదివితే రిజిస్ట్రేషన్‌కు అర్హత ఉంటదా? జవాబు నోటితో వద్దు, కాగితం మీద తీసుకోండి.

ఐదు. విదేశంలో చదవాలని ఉన్నోళ్ళకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి ఉన్నది. ఎస్సీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తుంది. మన మండలం నుంచి ఒక్కరన్నా దానికి దరఖాస్తు పెట్టుకోవాలె.

ఫోన్‌ను పారేయమనడం లేదు. ఫోన్‌లో పాఠాలు వినండి, ఇంగ్లీషు పదాలు నేర్చుకోండి, పోషకాహార పట్టికలు చూడండి. నేర్చుకోవడానికి ఫోన్, పట్టాకు కాలేజీ, పనికి వార్డు.

మనం అడగాల్సినవి

ఒక పిల్ల కష్టపడితే ఒక పిల్ల గెలుస్తది. మండలం గెలవాలంటే అడగాల్సినవి అడగాలె. 2016లో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు పెట్టారు. వాటిల్లో న్యూట్రిషన్, డైటెటిక్స్ డిగ్రీ కొత్త సిలబస్ ప్రకారం నడపాలె. మానుకోటలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నది. దాని ఆసుపత్రిలోనే మన పిల్లలకు ఇంటర్న్‌షిప్ ఇవ్వాలె. పాఠం వరకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగులో చెప్పి, ప్రాక్టికల్స్ జిల్లా ఆసుపత్రుల్లో చేయించే పద్ధతి ఎందుకు ఆలోచించరు? ఆన్‌లైన్‌కూ వార్డుకూ అట్లా పొత్తు కుదరొచ్చు. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో డైటీషియన్ ఉద్యోగాలు రోస్టర్ ప్రకారం పర్మినెంట్‌గా నింపాలె. కాంట్రాక్టు పేరు మీద రిజర్వేషన్ ఎగ్గొట్టొద్దు.

2004లో సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. గరిట మన చేతికి రావడానికే కోర్టు చెప్పాల్సి వచ్చింది. చెప్పినా ఎన్ని ఊళ్ళల్లో మన అక్క వండిన అన్నం తినం అన్నారు! ఇప్పుడు గరిటతో ఆగొద్దు. మెనూ రాసే కలం కావాలె. అంగన్‌వాడీలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒకపూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నారు. ఆ గుడ్డు సైజు నుంచి ఆ పప్పు చిక్కదనం దాకా లెక్క తెలిసిన మనిషి మన ఊరి నుంచే ఉంటే, ఎవడు తగ్గిస్తడు?

తల్లులారా, బిడ్డ పెళ్లికి దాచిన దాంట్లోంచి హాస్టల్‌కు నాలుగు పైసలు తీయండి. ఉద్యోగాలు చేస్తున్న అన్నలారా, ఒక్కొక్కరు ఒక పిల్ల మెస్ బిల్లు పట్టండి. టీచర్లం మేము బైపీసీ పిల్లలకు సాయంత్రాలు కెమిస్ట్రీ చెప్తాం, ఇది ఈ సభలో ఇస్తున్న మాట. రాబోయే దోస్త్ అడ్మిషన్లలో నెల్లికుదురు మండలం నుంచి కనీసం అయిదుగురు ఆడపిల్లలు న్యూట్రిషన్ తీసుకోవాలె. పేర్లు ఈరోజే రాయించండి, కాగితం ఇక్కడ బల్ల మీద ఉన్నది.

జై భీమ్! జై సావిత్రీబాయి!